స్మాష్ చేతిలో పుట్టదు

2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సైతామా ప్రాంతంలో, యోనెక్స్ కంపెనీ ఫ్యాక్టరీ వ్యాయామశాలలో మన అమలాపురం కుర్రాడు రంకిరెడ్డి సాత్విక్‌సాయిరాజ్ ఒక స్మాష్ కొట్టాడు. షటిల్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో రాకెట్‌ను వదిలింది. పురుషుల బ్యాడ్మింటన్‌లో అంత వేగమైన స్మాష్ అప్పటిదాకా లేదని గిన్నిస్ వాళ్లు ఖాయం చేశారు. అంతకుముందు రికార్డు మలేసియా ఆటగాడు టాన్ బూన్ హియాంగ్‌ది. అతను 2013 మే నెలలో 493 కిలోమీటర్ల వేగంతో కొట్టాడు. పదేళ్లు చెక్కుచెదరని అంకె ఒక్క దెబ్బతో 72 కిలోమీటర్లు పైకి ఎగబాకిందంటే, అందులో కొత్త రాకెట్ వాటా ఎంత, కొలిచే పరికరాల వాటా ఎంత అని అడగడం న్యాయమే. ఆ వాటాలన్నీ తీసేసినా మిగిలేది మాత్రం చిన్నది కాదు.

ఇలాంటి వార్త వినగానే మన చూపు అతని చేతి మీదకు పోతుంది. ఆ జబ్బ ఎంత లావుందో, ఆ మణికట్టులో ఎంత బలముందో అనుకుంటాం. ఊళ్లో సిమెంటు కోర్టుల పక్కన నిలబడి పిల్లల ఆట చూసే తండ్రులు కూడా అదే అరుస్తారు: ‘చేతికి బలం పెట్టరా!’ పాపం, ఆ పిల్లాడు పెడతాడు కూడా. షటిల్ మాత్రం నెట్ దాటాక నీరసపడి వాలిపోతుంది. చెయ్యి ఎంత గట్టిగా బిగిస్తే అంత వేగం తగ్గుతుంది. ఎందుకో చెప్పాలంటే పాదాల దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

ముందు ఆ 565 అంటే ఏమిటో చూద్దాం. అది రాకెట్ తీగలను వదిలిన క్షణంలోని వేగం. అదీ మ్యాచ్‌లో కాదు, కొలతకోసం సిద్ధం చేసిన చోట. మ్యాచ్‌లో నమోదైన వేగాలు ఇంతకన్నా తక్కువే ఉంటాయి. 2017లో మన దేశంలో జరిగిన ప్రీమియర్ బ్యాడ్మింటన్ లీగ్‌లో డెన్మార్క్ ఆటగాడు మాడ్స్ పీలర్ కోల్డింగ్ కొట్టిన 426 కిలోమీటర్ల స్మాష్‌ని అప్పట్లో గొప్పగా చెప్పుకున్నారు. ఇక షటిల్ సంగతి. దాని బరువు 4.74 నుంచి 5.50 గ్రాముల మధ్య ఉండాలని నిబంధన. అంత తేలికైన వస్తువుకి 16 ఈకలు తొడిగితే గాలి దాన్ని గట్టిగా పట్టేస్తుంది. లెక్క వేసి చూస్తే సుమారు ప్రతి 3 మీటర్లకూ దాని వేగం సగానికి పడిపోతుంది. కోర్టు పొడవు 13.4 మీటర్లు. వెనక నుంచి కొట్టిన 565 కిలోమీటర్ల షటిల్ 3 మీటర్లు వెళ్లేసరికి 280 దగ్గరికి, 6 మీటర్లు దాటేసరికి 140 దగ్గరికి దిగిపోతుంది. ఎదుటివాడు దాన్ని తిప్పి కొట్టగలుగుతున్నాడంటే అందుకే.

గోల్ఫ్ బంతి కథ దీనికి పూర్తిగా వేరు. దాని బరువు 45.93 గ్రాములకు మించకూడదు, వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. చిన్నది, బరువైనది, గుండ్రనిది. అమెరికా పీజీఏ టూర్ ఆటగాళ్లు డ్రైవర్ అనే పొడవాటి కర్రతో కొట్టేటప్పుడు కర్ర తల సగటున గంటకు 185 కిలోమీటర్ల వేగంతో వస్తుంది, బంతి 275 కిలోమీటర్ల వేగంతో లేస్తుంది. అలా లేచి 250 మీటర్లు దాటి పోతుంది. కోనసీమలో గోల్ఫ్ కర్ర పట్టినవాళ్లు దొరకడం కష్టం, కావాలంటే విశాఖపట్నమో హైదరాబాదో వెళ్లాలి. అయినా ఈ వ్యాసంలో గోల్ఫ్ ప్రసక్తి పదేపదే వస్తుంది. మనిషి ఒళ్లు వేగాన్ని ఎలా పుట్టిస్తుందో అర్థం చేసుకోవడానికి శాస్త్రజ్ఞులు ఎక్కువగా పట్టుకున్న ఆటల్లో అదొకటి. బంతి కదలదు, పాదాలు నేల వదలవు, ఎదుటివాడు తొందర పెట్టడు. కెమెరా పెట్టి తీరిగ్గా చూడొచ్చు. 1968లో బ్రిటన్‌లో కోక్రన్, స్టాబ్స్ అనే ఇద్దరు ఈ పరిశీలనలన్నీ కలిపి ఒక పుస్తకమే తెచ్చారు. షటిల్ కొట్టే కోనసీమ కుర్రాడి ఒంటికీ, గోల్ఫ్ ఆడే అమెరికా పెద్దాయన ఒంటికీ సూత్రం ఒకటే.

చెయ్యి ఒంటరిగా అంత వేగం ఎందుకు పుట్టించలేదు? కండరం స్వభావమే అడ్డం. బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ఏ.వి.హిల్ 1938లో దీన్ని ప్రయోగాలతో తేల్చాడు: కండరం ఎంత వేగంగా కుంచించుకుపోతే అంత తక్కువ బలంతో లాగుతుంది. నెమ్మదిగా కదిలేటప్పుడు ఎక్కువ బలం ఇస్తుంది, తన గరిష్ఠ వేగానికి చేరువైతే దాని లాగుడు దాదాపు సున్నా. బరువైన బస్తాని నెమ్మదిగా ఎత్తగలం, అంతే బరువుని విసురుగా ఎత్తలేం. చేతి కండరాలు చిన్నవి. రాకెట్ తల ఎంతో వేగంగా పోవాల్సిన ఆ చివరి క్షణంలో వాటి దగ్గర ఇవ్వడానికి మిగిలే బలం ఎంతో ఉండదు.

అందుకని ఒళ్లు వేరే దారి చూసుకుంది. పిరుదులు, తొడలు, నడుం చుట్టూ ఉన్న పొట్ట కండరాలు శరీరంలో పెద్దవి. అవి నెమ్మదిగా కదులుతూనే, అంటే తమ బలం బాగా ఉన్న స్థితిలోనే, బరువైన మొండేన్ని తిప్పుతాయి. మొండెం తిరగడం మందగించేసరికి అందులోని శక్తి భుజానికి చేరుతుంది. జబ్బ మందగించేసరికి ముంజేతికి, ముంజేయి మందగించేసరికి రాకెట్‌కి చేరుతుంది. ప్రతి మెట్టు దగ్గరా కదిలే భాగం బరువు తగ్గుతూ వస్తుంది. అదే శక్తి తక్కువ బరువులోకి వస్తే వేగం పెరగక తప్పదు. మొండెం పదుల కిలోల బరువు, రాకెట్ 100 గ్రాములు కూడా ఉండదు. మొదట అడుగుభాగం, చివర చేతి కొస. ఈ వరస తప్పితే, ఉదాహరణకు చెయ్యి తొందరపడి నడుంతో పాటే బయలుదేరితే, కింది నుంచి వచ్చే శక్తిని అందుకునే స్థితిలో అది ఉండదు.

గోల్ఫ్‌లో ఈ వరసని కళ్లారా చూడొచ్చు. కర్రని వెనక్కి ఎత్తడానికి ముప్పావు సెకను, కిందికి దించి బంతిని తాకడానికి పావు సెకను. బంతిని కర్ర తాకి ఉండేది సెకనులో రెండు వేలో వంతు మాత్రమే. నెమ్మదిగా వేసిన వీడియో చూస్తే ఒక విచిత్రం కనబడుతుంది. కర్ర ఇంకా వెనక్కి పోతూనే ఉంటుంది, ఈలోపే తుంటి ముందుకు తిరగడం మొదలుపెట్టేస్తుంది. పైభాగం ఒకవైపు, కిందిభాగం ఇంకోవైపు. కర్ర పూర్తిగా ఎత్తినప్పుడు భుజాలు సుమారు 90 డిగ్రీలు తిరిగి ఉంటే తుంటి 45 డిగ్రీలే తిరిగి ఉంటుంది. ఆ తేడావల్ల పొట్ట పక్కల ఏటవాలుగా పరుచుకున్న కండరాలు బాగా సాగుతాయి. సాగిన కండరం వెంటనే కుంచించుకుంటే మామూలుగా ఇచ్చేదానికన్నా ఎక్కువ బలం ఇస్తుంది. ఆ ‘వెంటనే’ అన్నమాట ముఖ్యం. పైన ఆగి ఊపిరి పీల్చుకుంటే ఆ లాభం చాలావరకు పోయినట్టే.

ఇక్కడ నడుం గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే ఎక్కువమంది దెబ్బ తినేది ఇక్కడే. ‘నడుం తిప్పి కొట్టు’ అంటాం గానీ నడుం దగ్గర వెన్నుపూసలు తిరగడానికి పుట్టినవి కావు. అక్కడ 5 పూసలున్నాయి. వాటి వెనక ఉండే చిన్న కీళ్లు దాదాపు నిలువుగా, ముందూ వెనకల దిశలో నిలబడి ఉంటాయి. ముందుకు వంగడానికీ వెనక్కి వాలడానికీ దారి ఇస్తాయి, మెలితిప్పుతుంటే ఒకదానికొకటి తగిలి ఆపేస్తాయి. ఒక్కో పూస దగ్గర దొరికే తిరుగుడు ఒకటి రెండు డిగ్రీలే. నిజంగా తిరిగేవి రెండే చోట్లు. ఒకటి పక్కటెముకలు తగిలించుకున్న వీపు భాగం. అక్కడి 12 పూసలూ కలిసి ఒక్కో వైపుకి 30 డిగ్రీల పైచిలుకు తిరుగుతాయి. రెండోది తుంటి కీలు. ఈ రెండూ బిగుసుకుపోయినవాడు తిరుగుడంతా నడుం దగ్గరే వెతుక్కుంటాడు, కొన్నాళ్లకి నడుం పట్టేస్తుంది. గోల్ఫ్ ఆడేవాళ్లకి వచ్చే నొప్పుల్లో నడుం నొప్పిదే పెద్ద వాటా. టైగర్ వుడ్స్ అంతటివాడికే నడుంకి ఒకటి కాదు, 2017 నాటికే వరసగా నాలుగు ఆపరేషన్లయ్యాయి. 2014లో మొదటిది చేశారు, 2017లో నడుం అడుగున రెండు పూసల్ని కలిపి అతికించేశారు. అలా అతికించిన వెన్నుతోనే 2019లో మాస్టర్స్ గెలిచాడనుకోండి, అది వేరే సంగతి.

మీ తుంటి ఎంత తిరుగుతుందో ఇంట్లోనే చూసుకోవచ్చు. పాదాలు నేలకి ఆననంత ఎత్తు బల్ల మీద కూర్చోండి. మోకాళ్లు దగ్గరగా ఉంచి కదలనివ్వకుండా ఎడమ పాదాన్ని బయటివైపుకి, అంటే ఎడమవైపుకి ఊపండి. పాదం బయటికి పోతుంటే తొడ ఎముక లోపలికి తిరుగుతోందన్నమాట. కుడిచేత్తో ఆడేవాడికి ఎడమ తుంటిలో ఈ లోపలి తిరుగుడు ఉండి తీరాలి. దెబ్బ కొట్టాక కటి ఆ ఎడమ కాలి మీదే తిరుగుతుంది గనుక. బాసింపట్టు వేసుకుని గంటసేపు కూర్చోగలను, నా తుంటి భేషుగ్గా ఉందని కొందరంటారు. బాసింపట్టు తొడని బయటికి తిప్పే పని. లోపలికి తిప్పడం వేరు, అది విడిగా చూసుకోవలసిందే.

ఇదంతా పుస్తకంలో చదివి నేర్చుకునే విద్య కాదనడానికి మన గోదావరి కాలవ గట్లే సాక్ష్యం. విసురు వల వేసేవాణ్ణి ఒకసారి దగ్గరగా గమనించండి. వల సగం ఎడమ మోచేతి మీద, సగం కుడిచేతిలో. అంచున కుట్టిన సీసపు గుండ్ల బరువుతో అది కిందికి లాగుతుంటుంది. అతను ముందు నీటికి పెడగా తిరుగుతాడు, బరువు వెనక కాలి మీదికి పోతుంది. తరవాత ముందు కాలు నేలని గట్టిగా తొక్కుతుంది, కటి తిరుగుతుంది, వీపు తిరుగుతుంది, చేతులు అన్నిటికన్నా చివర బయలుదేరతాయి. చేతులు వదిలేసరికి గుండ్లు అన్ని దిక్కులకీ పరుచుకుని వల గుండ్రంగా విచ్చుకుంటుంది. చేతిబలంతో విసిరినవాడి వల ముద్దగా పడుతుంది. గట్టు బురదగా ఉండి కాలు జారుతుంటే ఎంత గట్టివాడి వలైనా సరిగా విచ్చుకోదు, నేల ఎదురు తోపు ఇవ్వకపోతే పైన ఏ కండరానికీ పని ఉండదు. షటిల్ కోర్టు మీద చెమట తడి తుడిపించుకోవడానికి ఆటగాళ్లు అంత పట్టుబట్టేది జారి పడతామన్న భయంతో మాత్రమే కాదు.

ఇక భుజం. ఒంట్లో దీనంత స్వేచ్ఛగా తిరిగే కీలు ఇంకోటి లేదు, అందుకే ఇంత తేలిగ్గా జారే కీలూ లేదు. జబ్బ ఎముక తల పెద్ద గుండు, అది ఆనే గిన్నె చాలా చిన్నది, లోతు లేనిది. దీన్ని వైద్య విద్యార్థులకి చెప్పేటప్పుడు ‘టీ మీద పెట్టిన గోల్ఫ్ బంతి’ అనే వర్ణించడం ఆనవాయితీ. టీ అంటే బంతిని నిలబెట్టే చిన్న మేకు. ఆ గిన్నె వీపు మీది రెక్క ఎముక అంచున ఉంటుంది. చెయ్యి పూర్తిగా పైకెత్తితే వచ్చే 180 డిగ్రీల్లో 120 డిగ్రీలు భుజం కీలు దగ్గర, మిగిలిన 60 డిగ్రీలు రెక్క ఎముక జరగడం వల్ల వస్తాయి. నమ్మకం లేకపోతే ఇంట్లో ఎవరినైనా మీ రెక్క ఎముక కింది కొసమీద వేలు పెట్టమని చెప్పి, చెయ్యి పైకెత్తండి. ఆ కొస వాళ్ల వేలి కింద నుంచి పక్కకి, చంక వైపుకి జారిపోతుంది. బంతి ఎటు పోతే మేకూ అటే తిరుగుతోందన్నమాట. రెక్క ఎముకని అలా తిప్పే కండరాలు అలసిపోయినవాడి భుజంలో బంతి ఒకవైపు, మేకు ఇంకోవైపు అవుతాయి. ఆట చివర్లో వచ్చే భుజం నొప్పుల్లో చాలావాటికి మూలం అక్కడుంటుంది.

స్మాష్‌కి సిద్ధమైనప్పుడు ఆటగాడి మోచేయి భుజం ఎత్తుకి లేచి వెనక్కి పోతుంది, రాకెట్ తల వీపు వెనక్కి వాలుతుంది. ఈ భంగిమలో జబ్బ ఎముక తన ఇరుసు మీద తానే వెనక్కి మెలితిరిగి ఉంటుంది. మీరూ చేసి చూడొచ్చు. కుడి జబ్బని పక్కకి భుజం ఎత్తుకి చాపి, మోచేతి దగ్గర మడిచి పిడికిలిని ఆకాశం వైపు పెట్టండి. మోచేయి అక్కడే ఉంచి పిడికిలిని ముందుకి, కిందికి దించండి. స్మాష్‌లో వేగానికి అతి పెద్ద మూలాల్లో ఒకటి ఈ మెలికే. దాన్ని తిప్పేవి చాతీ మీది పెద్ద కండరం, వీపు పక్కన నడుం దాకా దిగే వెడల్పాటి కండరం, రెక్క ఎముక లోపలివైపు అంటుకుని ఉండే ఇంకోటి. అన్నీ బలమైనవే. మొండెం ముందుకు తిరుగుతుంటే ముంజేయీ రాకెట్టూ తమ బరువువల్ల వెనకబడతాయి, ఆ వెనకబాటు ఈ కండరాలని ఇంకా సాగదీస్తుంది. సాగి, మరుక్షణంలో విడుదలవుతాయి. బేస్‌బాల్ విసిరేవాళ్లలో ఈ మెలికని కొలిస్తే సెకనుకి 7000 డిగ్రీల దాకా వచ్చింది. అదే వేగంతో ఆగకుండా తిరగగలిగితే సెకనులో 19 చుట్లు. మనిషి ఒంట్లోని అతి వేగమైన కదలికల్లో ఇదొకటి.

దీని తరవాతి వంతు ముంజేతిది. స్కూల్లో రత్ని, అరత్ని అని చదువుకున్న రెండు ఎముకలు ఇక్కడివే. మోచేతిని పొట్టకి ఆనించి, చేతిలో ఒక పెన్సిలు పట్టుకుని, అరచేయి పైకి ఉండేలా పెట్టండి. ఎడమ చేతి వేళ్లతో ఆ ముంజేతిని మధ్యలో మెల్లగా పట్టుకోండి. ఇప్పుడు అరచేతిని కిందికి తిప్పండి. బొటనవేలి వైపు ఎముక, చిటికెనవేలి వైపు ఎముకకి అడ్డంగా పైనుంచి దాటిపోవడం వేళ్లకి తెలుస్తుంది. మణికట్టు వంగలేదు, మోచేయి కదల్లేదు, అయినా పెన్సిలు కొస అరచుట్టు తిరిగొచ్చింది. స్మాష్‌లో చివరి క్షణాన జరిగేది అచ్చం ఇదే. కుడిచేతి గోల్ఫ్ ఆటగాడి కుడి ముంజేయి బంతిని తాకేటప్పుడు చేసేదీ ఇదే.

చాలాకాలం కోచ్‌లు కూడా స్మాష్ బలం మణికట్టు విదిలింపులో ఉందని చెప్పేవారు. 1970ల్లో కెనడాలో గోవిట్జ్‌కీ, వాడెల్ అనే పరిశోధకులు వేగంగా తీసిన ఫిల్ముల్ని ఒక్కో ఫ్రేమూ పట్టి చూసి, మణికట్టు ముందుకు మడవడం మనం అనుకున్నంత లేదనీ, కళ్లకి విదిలింపులా కనబడేది ముంజేతి మెలిక, జబ్బ మెలిక కలిసిందేననీ చూపించారు. మన ఊళ్లలో ఇప్పటికీ ‘రిస్ట్ వాడు’ అనే పాఠమే నడుస్తోంది. పిల్లాడు మణికట్టుని ముందుకు విదిలిస్తాడు, షటిల్ నెట్‌లోకి పోతుంది.

ముంజేతి మెలికకి ఇంకో షరతుంది, దీన్ని ఎవరూ సరిగా చెప్పరు. రాకెట్ కాడ ముంజేతికి తిన్నగా ఒకే గీత మీద ఉందనుకోండి, ముంజేతిని ఎంత తిప్పినా రాకెట్ తన చుట్టూ తాను తిరుగుతుందే తప్ప తల ముందుకు పోదు. పెన్సిలుని ముంజేతి పొడుగునా తిన్నగా పెట్టి తిప్పి చూస్తే తెలుస్తుంది. రాకెట్‌కీ ముంజేతికీ మధ్య కోణం ఉండాలి. ఆ కోణం ఉన్నప్పుడే మెలిక వేగంగా మారుతుంది. అలాగే పట్టు. అరచేయి మొదట్నుంచీ నెట్ వైపు చూసేలా రాకెట్ పట్టుకునే పిల్లలు మన దగ్గర వందల్లో ఉంటారు, షటిల్ సులువుగా తగులుతుంది గనుక. ఆ పట్టులో ముంజేయి ఇప్పటికే తిరిగిపోయి ఉంది. ఇంక తిరగడానికి ఏం మిగిలింది? పిడికిలి పక్కభాగం నెట్ వైపు ఉండేలా, కత్తి పట్టినట్టు కాడని పట్టుకుంటే ఆఖర్లో అరచుట్టు దొరుకుతుంది. మన జిల్లాల్లో పాతతరం వాళ్లు ఊలు బంతితో బాల్ బ్యాడ్మింటన్ ఆడేవారు. ఆ బంతి షటిల్‌కి అయిదారు రెట్లు బరువు, రాకెట్టూ బరువే. ఆ అలవాటుతో షటిల్‌కి వచ్చినవాళ్ల చెయ్యి ఎక్కువగా మోచేతి దగ్గర నుంచే నెట్టేది.

చెయ్యి బిగిస్తే వేగం తగ్గుతుందని మొదట్లో ఎందుకన్నామో ఇప్పుడు చూద్దాం. కాడని గట్టిగా పట్టుకునే వేళ్ల కండరాలు వేళ్లలో ఉండవు, ముంజేతిలో ఉంటాయి. వాటి నరాలలాంటి స్నాయువులు మణికట్టు దాటి వేళ్లకి పోతాయి. పిడికిలి బిగిస్తే మణికట్టుకి రెండువైపులా కండరాలు ఒకేసారి లాగుతాయి, ముంజేయి బిగుసుకుపోయి మెలిక మందగిస్తుంది. పెద్ద ఆటగాళ్లు కాడని వదులుగా ఉంచి, షటిల్ తగిలే ముందు మాత్రం వేళ్లు బిగిస్తారు. ‘చేతికి బలం పెట్టరా’ అన్న అరుపు ఏం చేస్తుందో ఇప్పుడు చెప్పనక్కర్లేదు.

గాల్లోకి ఎగిరి కొట్టే స్మాష్ దగ్గర ఒక చిక్కు ప్రశ్న ఉంది. నేల ఎదురు తోపు లేకపోతే పనికాదన్నాం కదా, మరి గాల్లో నేల ఏది? రెండు జవాబులున్నాయి. ఎగరకముందే, నేలని తొక్కేటప్పుడే, ఒంటికి తిరుగుడు ఇచ్చి పెట్టుకుంటాడు. అది గాల్లో పోదు. రెండో జవాబు కాళ్లు. ఎగిరినప్పుడు మొండెం వెనక్కి వంగుతుంది, మడమలు కూడా వెనక్కి పోతాయి. కొట్టేటప్పుడు మొండెం ముందుకి మడుచుకుంటుంది, కాళ్లూ ముందుకి వస్తాయి. పైభాగం ఒక దిశలో తిరగాలంటే కింది భాగం ఎదురు దిశలో తిరగాలి. ఆ కాళ్లే నేల బదులు ఎదురు నిలుస్తాయి. షటిల్ వైపు చూపిస్తూ పైకెత్తిన ఎడమ చెయ్యి కొట్టే క్షణంలో పొట్ట దగ్గరికి ముడుచుకోవడం కూడా ఊరికే కాదు, చాచిన చెయ్యి దగ్గరికొస్తే మొండెం ఇంకా త్వరగా తిరుగుతుంది. సాత్విక్ ఆరడుగుల పైన ఉన్నవాడు, పైగా ఎగురుతాడు. స్తంభాల దగ్గర 1.55 మీటర్ల ఎత్తున్న నెట్ మీదుగా షటిల్‌ని అంత నిటారుగా దించడానికి ఆ ఎత్తు అక్కరకొస్తుంది, వేగానికి కాళ్లూ మొండెమూ కావాలి.

ఇంతసేపూ వేగం పుట్టించడం గురించి చెప్పుకున్నాం. ఆపడం సంగతో? షటిల్ రాకెట్‌ని వదిలేశాక కూడా చెయ్యి అదే వేగంతో ముందుకు పోతూనే ఉంటుంది. సెకనులో పదో వంతులో దాన్ని ఆపాలి. ఆపేది ఎవరు? భుజం వెనక, రెక్క ఎముక మీద ఉన్న ఇన్‌ఫ్రాస్పైనేటస్, టెరీస్ మైనర్ అనే రెండు చిన్న కండరాలు ప్రధానంగా. తిప్పే వైపు చాతీ కండరం, వీపు కండరం లాంటి ఘటికులుంటే, ఆపే వైపు ఇవి. అవి సాగుతూ, సాగుతూనే లాగిపట్టి ఆపుతాయి. కండరానికి అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ తగిలే పని అది. ఆడిన మర్నాడు భుజం వెనక భాగం నొప్పి పెడితే పనిచేసింది ఈ కండరాలని అర్థం. ఈ రెండూ, మరో రెండూ కలిసి బంతిని మేకు మీద కదలకుండా పట్టి ఉంచే పట్టీని రొటేటర్ కఫ్ అంటారు. ఆటగాళ్ల భుజాల స్కానింగుల్లో డాక్టర్లు మొదట చూసేది దాన్నే.

సాత్విక్‌నీ భుజం వదల్లేదు. 2023లో తన డబుల్స్ జోడీ చిరాగ్ శెట్టితో కలిసి దుబాయ్‌లో ఆసియా చాంపియన్‌షిప్ గెలిచాడు. 1965లో దినేశ్ ఖన్నా తరవాత ఆ పోటీలో భారత్‌కి వచ్చిన స్వర్ణం అదే. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఆ టైటిల్‌ని నిలబెట్టుకునే అవకాశమే రాలేదు, భుజం గాయంతో తప్పుకోవాల్సివచ్చింది. ఆ మధ్యకాలంలోనే ఇండోనేసియా ఓపెన్, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల స్వర్ణం, డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ స్థానం అన్నీ వచ్చాయి. వాటన్నిటి వెనకా ఆ చిన్న కండరాలు ఎన్ని వేలసార్లు చేతిని ఆపి ఉంటాయో ఊహించుకోవాల్సిందే.

సాత్విక్ తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసినవాడు. బహుశా అది అతని అదృష్టం. 2014లో హైదరాబాద్‌లో పుల్లెల గోపీచంద్ అకాడమీకి వెళ్లేముందే ఆట ఇంట్లో మొదలైంది. అందరికీ అలాంటి ఇల్లు ఉండదు గనుక, ఆట నేర్చుకునే పిల్లలున్న ఇళ్లకి పనికొచ్చే మూడు నాలుగు మాటలు చెప్పుకోవచ్చు. 11 నుంచి 16 ఏళ్ల మధ్య జబ్బ ఎముక పైకొస దగ్గర ఎదుగుదల పొర ఇంకా మెత్తగా ఉంటుంది. రోజుకి వందల స్మాష్‌లు కొట్టిస్తే ఆ పొర మీదే ఒత్తిడి పడుతుంది. ఆ వయసులో భుజం నొప్పి అన్నవాడికి స్ప్రే కొట్టి ఆడించడం తప్పు, ఆపించి డాక్టరుకి చూపించాలి. పెద్ద ఆటగాళ్లు 30 పౌండ్లకి దగ్గరగా తీగలు బిగించుకుంటారని పిల్లాడి రాకెట్‌కీ అలాగే బిగించేస్తారు కొందరు. బిగువు పెరిగేకొద్దీ తీగల సాయం తగ్గుతుంది, తిన్నగా మధ్యలో తగలకపోతే చెయ్యి అదురుతుంది. నేర్చుకునేవాడికి 20 నుంచి 24 పౌండ్లు చాలు.

ఆపే కండరాలకి కసరత్తు ఖరీదైనది కాదు. వ్యాయామానికి వాడే రబ్బరు పట్టీ ఒకటి కిటికీ ఊచకి కట్టి, మోచేతికీ పొట్టకీ మధ్య చుట్టిన తువ్వాలు పెట్టుకుని, ముంజేతిని పొట్ట దగ్గర నుంచి బయటికి తిప్పాలి. బయటికి తిప్పడం మామూలుగా, వెనక్కి రానివ్వడం నెమ్మదిగా, మూడు లెక్కపెట్టేంతసేపు. ఆ నెమ్మదిలోనే ఫలితం ఉంది, ఆపడం నేర్పేది అదే. బరువులెత్తి జబ్బలు పెంచడం దీనికి బదులు కాదు, పైపెచ్చు తిప్పే కండరాలు ఇంకా పెరిగి ఆపేవాటి మీద భారం ఎక్కువవుతుంది.

ఇక పిల్లాడి స్మాష్ సరైన దారిలో ఉందో లేదో తెలుసుకోవాలంటే రాకెట్ పక్కన పెట్టించండి. టెన్నిస్ బంతి ఒకటి చేతికిచ్చి, తల మీదుగా వీలైనంత దూరం విసరమనండి. బంతి ఎంత దూరం పడిందో చూడకండి, పక్కన నిలబడి ఒంటిని చూడండి. ఎడమ కాలు ముందుకి పడిందా? కాలు నేలని తాకేసరికి చెయ్యి ఇంకా వెనకే ఉందా? కటి తిరిగాక వీపు తిరిగిందా, రెండూ ఒకేసారి తిరిగాయా? మోచేయి ముందొచ్చి దాని వెనక బంతి వచ్చిందా? ఫోన్లో నెమ్మదిగా వీడియో తీస్తే ఇంకా బాగా తెలుస్తుంది. కాలూ చెయ్యీ ఒకేసారి ముందుకొచ్చిన పిల్లాడికి స్మాష్ నేర్పడం దండగ, కొన్నాళ్లు విసరడమే నేర్పాలి.